పాదాలు చూసే వేళ

ఆ ఏడు మిరప మూడో కోతలో నా మడమలో తుమ్మముల్లు దిగింది. దిగినట్టు నాకు తెలియలేదు. మధ్యాహ్నం గట్టు మీద అన్నం తిందామని కూర్చుని చెప్పు విప్పితే అడుగున నెత్తురు గడ్డకట్టి ఉంది. ముల్లు లాగేసుకున్నాను. లాగినప్పుడూ తెలియలేదు. పక్కన కూలికొచ్చిన ఆడవాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వాళ్ళెవరికీ చెప్పకుండా చెప్పు తొడుక్కుని మళ్ళీ సాలులోకి దిగాను.

మా ఆయన పోయి అప్పటికి తొమ్మిది నెలలు. నిద్రలోనే పోయారు. దినాల్లో నేను ఏడవలేదని బంధువులు చెవులు కొరుక్కున్నారు. ఏడవకూడదని పట్టుబట్టింది కాదు, రాలేదంతే. కూరలో ఉప్పెక్కువైనా తెలిసేది కాదు, తక్కువైనా తెలిసేది కాదు. పెళ్ళిళ్ళకు వెళితే వెళ్ళినట్టు, వెళ్ళకపోతే వెళ్ళనట్టు. ముల్లు తెలియకపోవడమూ అందులో భాగమే అనుకున్నాను. స్వామి దయతలచి నా మనసులోంచి నొప్పి తీసేసినట్టే ఒంట్లోంచీ తీసేశాడనుకున్నాను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా ఊరికీ బడికీ మధ్య వాగు. ఆడపిల్ల దాటలేదని నాన్న ఇంట్లోనే పళ్ళెంలో బియ్యం పోసి, నా వేలు పట్టుకుని దిద్దించాడు. అక్షరాలు వచ్చాక ఆయన పెట్టిన పని ఒక్కటే. సాయంత్రం దీపం పెట్టే ముందు, ఆ రోజు దేనికి దణ్ణం పెట్టుకోవాలో ఒక్క వాక్యం రాయాలి. ఇన్నేళ్ళూ తప్పలేదు. ఆ రోజు ఇలా రాశాను: "ముల్లు దిగినా నొప్పి లేదు. కోటప్పకొండ స్వామికి దణ్ణం."

ఆ వాక్యం సిరా ఆరకముందే మా తోడికోడలు వంటింట్లోంచి కేకేసింది.

"అక్కా, మనం కొండెక్కుతున్నాం."

"సోమవారం పోదాంలే."

"ఆ కొండ కాదు. మంచు కొండ. వారం రోజులు నడవాలంట, డేరాల్లో పడుకోవాలంట. అద్దంకి టీచరుగారు పేర్లు రాస్తంది. నీ పేరు కూడా ఇచ్చేశా."

"పిచ్చేమన్నా పట్టిందా నీకు?"

"నాకు కాదు, నీకు పట్టకుండా. తొమ్మిది నెలల్నుంచి గోడకి తగిలించిన క్యాలెండర్ లాగా కూర్చున్నావ్. క్యాలెండర్ నయం, నెలకోసారన్నా తిరుగుద్ది."

ఆమె మా మరిది భార్య. ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు. పదహారో ఏట వచ్చింది ఈ ఇంటికి, నాకన్నా మూడేళ్ళు వెనక. పసుపుకుంకాలు ముందు పెద్దకోడలికి, తర్వాత ఆమెకు. చీర ఎంచుకోవడం ముందు నేను, తర్వాత ఆమె. కావాలని ఎవరూ చేసింది కాదు, ఇంటి వరస అలా నడిచింది. ముప్పై ఏళ్ళలో ఆమె ఒక్క మాట అనలేదు. కానీ ఆ కొండ సంగతి వచ్చాక ఒకరోజు మిరపకాయలకు తొడిమలు తీస్తూ, తల ఎత్తకుండా అంది: "పైదాకా నేను ముందెక్కుతా అక్కా. ఇదొక్కటి నేను ముందు."

"ఎక్కవే, నేనేమన్నా అడ్డంపడుకుంటానా?" అన్నాను.

రిటైరైన టీచరుగారు పోగుచేస్తే, ఆమెతో కలిపి తొమ్మిదిమంది ఆడవాళ్ళం. అందరం చుట్టుపక్కల పత్తి, మిరప వేసే ఇళ్ళవాళ్ళమే. మమ్మల్ని నడిపించే అమ్మాయిది ఒంగోలు. జనాన్ని కొండల మీదికి తీసుకెళ్ళి తీసుకురావడమే ఆమె ఉద్యోగం. ముప్పై ఐదేళ్ళుంటాయేమో, అందరం మేడం అనేవాళ్ళం. ఆమె చెప్పినట్టు రోజూ తెల్లారగట్ట బైపాసు మీద నడిచాం. ఆదివారాలు వీపున సంచిలో పత్తిగింజలు నింపుకుని కోటప్పకొండ మెట్లెక్కాం. దర్శనానికి వచ్చినవాళ్ళు ఆగి మరీ చూసేవారు. "మొక్కా అమ్మా?" అని ఒకాయన అడిగితే మా తోడికోడలు "కాదండీ, కసరత్తు" అంది. మెట్లన్నిట్లోనూ ఆమే ముందుండేది. నేనూ బాగానే ఎక్కేదాన్ని. మిగతావాళ్ళు మెట్ల మీద కూలబడి పాదాలు పిసుక్కుంటుంటే నాకు ఏమీ ఉండేది కాదు. అందరూ మెచ్చుకున్నారు. నేను పుస్తకంలో దణ్ణాలు రాసుకున్నాను.

ఆరోగ్యం కాగితం మా తోడికోడలే నింపింది. "బీపీ?" "లేదు." "ఆయాసం?" "లేదు." "షుగరు?" "నాకెందుకుంటుందే!" ఎప్పుడూ చూపించుకోలేదన్న సంగతి నాకూ గుర్తు రాలేదు, ఆమెకూ రాలేదు.

కాయలు కోల్డ్ స్టోరేజీకి చేరాక, ఎండలు మండిపోతున్న వైశాఖంలో రైలెక్కాం. ఉత్తరాఖండ్‌లో రోడ్డు ఆగిపోయే ఊరొకటుంది. అక్కడ దిగేసరికి ఒంటి మీద స్వెట్టర్ ఉంది. ఆ సాయంత్రం మేడం అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కటే రూలు చెప్పింది.

"ఇద్దరిద్దరు జంట. టీచరుగారికి జంట నేను. రోజూ డేరాలోకి రాగానే సాక్సులు విప్పి, ఒకరి పాదాలు ఒకరు చూడాలి. వేళ్ళ సందులు, మడమ, అరికాలు అన్నీ. బొబ్బలున్నాయా, రంగు మారిందా. చూశాక నాకు చెప్పాలి. పైన మంచులో పాదం పాడైతే వేళ్ళు పోతాయి. చూడకుండా చూశామని చెబితే మాత్రం ఇద్దర్నీ కిందికి పంపేస్తా. బతిమాలొద్దు."

మా తోడికోడలు నా వైపు చూసి కన్నుకొట్టింది. "విన్నావా? నీ కాళ్ళలో నా టిక్కెట్టుంది."

మొదటి సాయంత్రం ఆమె నా సాక్సు పట్టుకుని లాగబోతే కాళ్ళు మడిచేసుకున్నాను. పండగరోజు ఆమె నా కాళ్ళకు దణ్ణం పెడుతుంది, పెట్టించుకుంటాను, అది వేరు. చెమటపట్టిన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులు వెతకడం వేరు. సిగ్గనిపించింది. "నాకేం లేదులే, నొప్పి కూడా లేదు. చూశానని చెప్పెయ్" అన్నాను. ఆమె పాదాలు నేను చూశాను, బొటనవేలి పక్క చిన్న బొబ్బ. మేడం బయటినుంచి "చూశారా?" అంది. "చూశాం మేడం!" అని మా తోడికోడలు అరిచింది. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే.

నడక గురించి పెద్దగా చెప్పడానికి లేదు. దేవదారు చెట్లు అయిపోయి గడ్డి వచ్చింది, గడ్డి అయిపోయి రాళ్ళు వచ్చాయి. మిగతావాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. ఎదురుగా తెల్లటి శిఖరం కనిపించినప్పుడు టీచరుగారు చెంపలేసుకుని నిలబడిపోయింది. నేనూ చేతులు జోడించాను. జోడించాలి కాబట్టి జోడించాను. లోపల ఏమైనా కదులుతుందేమోనని ఒక నిమిషం చూశాను. చలి గాలి తప్ప ఏమీ లేదు. ముందున్న మనిషి మడమల్ని చూస్తూ నడిచాను. ఆ మడమలు మా తోడికోడలివి. అవి ఎక్కడ ఆగితే అక్కడ ఆగాను.

రెండోరోజు నా పిన్నీసు ఒకటి పోయింది. కోటప్పకొండ విభూతి పొట్లాన్ని స్వెట్టర్ లోపలికి గుచ్చుకుని తెచ్చుకున్నాను. పొట్లం ఉంది, పిన్నీసు లేదు. డేరా అంతా వెతికి, మా తోడికోడలి దగ్గర ఇంకోటి తీసుకున్నాను.

నాలుగో రోజు మూడున్నరకల్లా ఆఖరి మజిలీకి చేరాం. వెలుతురు రాగానే బయల్దేరితే మర్నాడు పైన కనుమదాకా ఎక్కి తిరిగి రావొచ్చు. అందరికీ కాళ్ళు గడ్డకట్టుకుపోతున్నాయని గోల. అప్పుడు మా తోడికోడలు సంచిలోంచి కారం సీసా తీసింది. చప్పటి పప్పులో కలుపుకోవడానికి తెచ్చిన మా చేలో కారం.

"ఏమ్మా, కాయలు కోసిన రోజు చేతులు ఎట్టా ఉంటాయి?" అంది అందరితో.

"మంటగా."

"మంట కాదు, వేడి. రెండ్రోజులు దిగదు ఆ వేడి. అదే వేడి కాళ్ళకి పెడితే? పల్చటి సాక్సు, దానిమీద చిటికెడు కారం, దానిమీద ఉన్ని సాక్సు. మేడానికి కూడా ఐడియా రాలా!"

కాయ కోసి బతికిన తొమ్మిదిమందిమీ ఆ మాటకు అడ్డు చెప్పలేదు. పైగా నిజమేనన్నాం. టీచరుగారైతే రెండు చిటికెళ్ళు వేసుకుంది. డేరాలో సాక్సులు దులిపితే కారం లేచి అందరికీ దగ్గు, కళ్ళమ్మట నీళ్ళు. నాకూ కారాయి. మా తోడికోడలు దగ్గుతూనే నా గడ్డం పట్టుకుని "అక్క ఏడుస్తంది! అక్క ఏడుస్తంది చూడండే!" అని సంబరపడింది. కారమే తల్లీ అని చెబుదామనుకున్నాను. ఆమె మొహం చూసి చెప్పలేదు.

కాసేపు అందరూ బ్రహ్మాండం అన్నారు. టీ తాగారు. తర్వాత ఒకామె లేచి నిలబడింది. తర్వాత ఇంకొకామె. ఆ తర్వాత అందరూ డేరాల్లోంచి బయటపడి ఒంటికాలి మీద గెంతడం మొదలుపెట్టారు. బూట్లొకపక్క, సాక్సులొకపక్క. "అమ్మో, నిప్పుల గుండం తొక్కినట్టుందే!" అని టీచరుగారు. కొందరు వాగు వైపు పరుగెత్తబోయారు. నేనే లేచి అరిచాను: "నీళ్ళొద్దు! నీళ్ళు పోస్తే ఇంకా పాకుద్ది. నూనె, ముందు నూనె!" వంట డేరాలోంచి నూనె, గోధుమపిండి తెచ్చి ఒక్కొక్కరి కాళ్ళకూ రాశాను. పైన పిండి చల్లి గుడ్డతో తుడిచాను. కోతల్లో కొత్తగా వచ్చిన కూలిపిల్లల చేతులకు చేసేదే.

మేడం వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "కారం పెట్టారా? కాళ్ళకి? మీరే, గుంటూరు కారం పండించేవాళ్ళే?" నవ్వాలో తిట్టాలో ఆమెకు తెలియలేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, మీరు పెట్టుకోలేదా?"

"పెట్టుకున్నానమ్మా."

"మండట్లేదా?"

"లేదు."

ఆమె మొహంలో నవ్వు పోయింది. "కూర్చోండి" అంది.

బూటు తీసింది. ఉన్ని సాక్సు తీసింది. లోపలి సాక్సు ఊడి రాలేదు, అరికాలికి అంటుకుపోయి ఉంది. నీళ్ళతో తడిపి మెల్లగా తీస్తే నల్లటి నెత్తురు. బొటనవేలి వెనక కండలో దిగి ఉంది నా పిన్నీసు, తెరుచుకుని. రెండు రోజులుగా దానిమీదే నడిచానన్నమాట. చుట్టూ వాచి, రంగు మారింది. కారం తగిలినచోటల్లా ఎర్రగా పొక్కింది. నేను వంగి చూశాను. ఎవరిదో పాదం చూస్తున్నట్టుంది.

"కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడు చెప్పండి."

మూసుకున్నాను. గాలి చప్పుడు, దూరంగా మా సామాన్లు మోసే కంచరగాడిద మెడలో గంట. ఎంతసేపటికీ ఏమీ లేదు.

మా తోడికోడలి గొంతు వినపడింది, సన్నగా: "మేడం, మీరు తాకట్లేదా?"

"తాకుతూనే ఉన్నాను" అంది మేడం.

కళ్ళు తెరిస్తే ఆమె చేతిలో గడ్డిపరక, నా చిటికెనవేలి మీద. నూనె పిండి కాళ్ళతో అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఈ పాదాలు రోజూ చూశామని చెప్పిందెవరు?"

"నేనే చెప్పమన్నానమ్మా" అన్నాను. "చూడబోతే నేనే చూడనివ్వలేదు. ఆ పిల్ల తప్పు లేదు."

"చెప్పింది నేనే మేడం" అంది మా తోడికోడలు. "నోరు నాది. గట్టిగా లాగి చూడాల్సింది, లాగలా. పైకి పోవాలనే ధ్యాసలో ఉన్నా."

మేడం పిన్నీసు మెల్లగా లాగేసి, గుడ్డ చుట్టింది. "రూలు ముందే చెప్పాను" అంది చివరికి. "పెద్దమ్మ రేపు కిందికి వెళ్ళాలి, అందులో మాట లేదు. జంట లేకుండా మిమ్మల్నీ మంచులోకి తీసుకెళ్ళను" అంది మా తోడికోడలితో.

"అయితే ఇద్దరం దిగుతాం" అని మా తోడికోడలు వెంటనే బూట్లు సర్దడానికి లేచింది. ఆమె మొహం అటు తిప్పుకుంది కానీ చేతులు కనిపిస్తున్నాయి. బూటుతాడు ముడి విప్పబోయి ఇంకా బిగించేస్తోంది.

ఆయన పోయాక ఏదీ కావాలని నేను ఎవరినీ అడగలేదు. దేవుణ్ణీ అడగలేదు. ఆ పూట అడిగాను. గొంతులో ఏ మార్పూ లేకుండానే అడిగాను, అలవాటైన గొంతు అది. "అమ్మా, మీరూ టీచరుగారూ జంట గదా. ఈ పిల్లని మూడోమనిషిగా కలుపుకోండి. దాని కాళ్ళు మీరే చూడండి. తప్పు చేసిన కాళ్ళు నావి, నన్ను దింపండి."

టీచరుగారు గెంతడం ఆపి, "ముగ్గురం పోదాంలే మేడం" అంది. "కారం మంత్రం ఈమెదే గదా. తాడేసి నా ముందు కట్టండి, దారంతా తిడతా."

మేడం ఒప్పుకుంది. ఒప్పుకోనిది మా తోడికోడలే. "నిన్ను ఆ గాడిద తోలే ముసలాయనతో, ఆ గాడిద మీద పంపించి నేను పైకి పోవాలా? ఇంటికాడ ఏం చెప్పను?"

"ఇంటికాడ పెద్దకోడల్ని నేను" అన్నాను. "ముప్పై ఏళ్ళలో నీకు ఇది చెయ్యమని ఎప్పుడూ గట్టిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా. నువ్వు ముందు పో."

ఆమె నా మొహంలోకి చూసింది, ఏమైనా దొరుకుతుందేమోనన్నట్టు. ఏం దొరికిందో నాకు తెలియదు. తర్వాత బూటు కింద పెట్టేసింది.

పొద్దున నన్ను కంచరగాడిద ఎక్కించారు. నడిపించే ముసలాయనకు తెలుగు రాదు, నాకు హిందీ రాదు. మలుపు దగ్గర ఆయనే గాడిదను ఆపి వెనక్కి చూపించాడు. తెల్లటి వాలు మీద చీమలబారులా వాళ్ళు. ముందున్నది ఎవరో అంతదూరం నుంచి తెలియలేదు. విభూతి పొట్లం విప్పి, కొంచెం నుదుట పెట్టుకుని, ముసలాయన నుదుటా పెట్టాను. ఆయన వంగి పెట్టించుకున్నాడు.

మర్నాటికి కింది ఊరు చేరాం. చిన్న ఆసుపత్రిలో డాక్టరు పుండు కడిగి కట్టుకట్టాడు. వేలు గుచ్చి నెత్తురు చూశాడు. "షుగర్" అన్నాడు. ఆ మాట ఇద్దరికీ ఒకటే. ఫోన్‌లో మా మరిదికి చెప్పి, ఆయన చేత తెలుగులో నాకు చెప్పించాడు. చాన్నాళ్ళుగా ఉండి ఉంటుందట. పాదాల్లో నరాలు చచ్చుబడ్డాయట. "నొప్పి తెలియకపోవడమే జబ్బంట వదినా" అన్నాడు మా మరిది. పిన్నీసు ఇంకో వారం ఉండి ఉంటే పాదం దక్కేది కాదని కూడా చెప్పాడు. డాక్టరు దూదితో కింద నుంచి పైకి తాకుతూ వచ్చి, నేను "ఆ" అన్నచోట పెన్నుతో కాలి చుట్టూ గీత గీశాడు. రెండు కాళ్ళకూ. చీలమండల మీద బెత్తెడు ఎత్తున నీలం గీతలు, పట్టీలు పెట్టుకున్నట్టు.

సత్రం గదిలో ఆ గీతలు చూస్తూ కూర్చున్నాను. తర్వాత పుస్తకం తీసి వెనక్కి తిప్పాను. "ముల్లు దిగినా నొప్పి లేదు. దణ్ణం." "మెట్లెక్కినా కాళ్ళు లాగలేదు. దణ్ణం." పేజీలకు పేజీలు. స్వామి నాకు ఇచ్చాడనుకున్నది ఆయన ఇచ్చింది కాదు. కొట్టేద్దామా అనుకున్నాను. కొట్టేయలేదు. ఆ రోజు వాక్యం మాత్రం చాలాసేపు రాయలేక, చివరికి "కారానికి, పిన్నీసుకు దణ్ణం" అని రాశాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం వాళ్ళు దిగారు. పెదవులు పగిలి, ముక్కు తోలు ఊడి, కుంటుతూ వచ్చింది మా తోడికోడలు.

"ఎక్కావా?"

"ఎక్కా."

"ముందా?"

"ముందే. టీచరుగారు నా వెనకే. తిడతానే ఉంది."

"ఏముంది పైన?"

"ఏముందక్కా. అటుపక్క ఇంకో కొండ." నేల మీద చతికిలబడింది. "ఏడుపొచ్చింది నాకు. నీకొచ్చుద్దని తీసుకొస్తే నాకొచ్చింది. అందరి ముందూ చిన్నపిల్ల లాగా ఏడ్చా." తర్వాత, అడక్కుండానే, నా కాళ్ళు రెండూ లాగి ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి నేను మడుచుకోలేదు. నీలం గీత చూసి "ఇదేంది?" అంది. చెప్పాను. ఆ గీత మీద వేలు పెట్టి చుట్టూ తిప్పింది. వేలు గీతకు పైన ఉన్నప్పుడు తెలిసింది, కిందికి జారినప్పుడు పోయింది.

ఇప్పుడు ఇంట్లో రోజూ సాయంత్రం ఇదే పని. మాత్రలు వేసుకుంటున్నాను, ఇంట్లో కూడా మెత్తటి చెప్పులే. చేలోకి బూట్లతో దిగితే కూలివాళ్ళు "ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది" అంటారు. నరాలు మళ్ళీ పూర్తిగా రావని ఒంగోలు డాక్టరు చెప్పేశాడు. గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి.

దీపం పెట్టే ముందు ఆమె టార్చిలైటు పట్టుకుని వరండాలోకి వస్తుంది. నేను అరుగు మీద కూర్చుంటాను, ఆమె కింద. వేళ్ళ సందులు, మడమ, అరికాలు. తర్వాత గోడవార పత్తిబస్తాలోంచి ఒక పోగు లాగి, గింజ తీసేసి, దాంతో తాకుతూ పోతుంది. నేను కళ్ళు మూసుకుంటాను.

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

"ఆ. ఇక్కడ."

ఎప్పుడూ అదే చోటు, చీలమండ మీద బెత్తెడు. అంతకు కిందికి రాదు. ఆమె రోజూ కింద నుంచే మొదలుపెడుతుంది. అయ్యాక పత్తిపోగు చెవిలో దోపుకుని, వీధి గేటు వైపు తిరిగి, ఎవరూ లేకపోయినా గట్టిగా అరుస్తుంది:

"చూశాం మేడం!"

నేను పుస్తకం తీస్తాను.